దోమియే బొమ్మల కోసం పారిస్‌లో రెండు రోజులు

మా ఆవిడకు ఐఫిల్ టవర్, నాకు పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వ్యంగ్య చిత్రకారుడు ఒనొరే దోమియే. ఒప్పందం కుదిరాకే టికెట్లు కొన్నాం.

బూర్జువా, అంటే డబ్బూ ఆస్తీ ఉన్న పట్నపు మధ్యతరగతివాడు, అన్న మాట మన దగ్గర పార్టీ మీటింగుల్లో తిట్టుగానే విన్నాను. దోమియే గీసిన బూర్జువాకు చేతిలో గొడుగు, ముందు బొజ్జ, పక్కన భార్య, ఆదివారం షికారు ఉంటాయి. జనం సొమ్ము మింగే రాక్షసుడిగా ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ను గీసినందుకు దోమియేకు ఆరు నెలల జైలు పడింది. 1835లో సెన్సారు బిగిశాక రాజు జోలి మానేసి లాయర్ల మీద, ఇంటి ఓనర్ల మీద పడ్డాడు.

ముందు ఓర్సే మ్యూజియం. ఒకప్పటి రైల్వే స్టేషన్ అది. సోమవారం సెలవు. గురువారం రాత్రి తొమ్మిదీ ముప్పావు దాకా ఉంటుంది, సాయంత్రం ఆరు దాటితే టికెట్ కూడా తక్కువ. జనమంతా ఇంప్రెషనిస్టు చిత్రకారుల బొమ్మల కోసం ఐదో అంతస్తుకు ఎగబడుతుంటే, దోమియే చేసిన 36 మట్టి తలల దగ్గర మేమిద్దరమే. కాల్చని మట్టికి రంగులేసి చేసినవి, జానెడు ఎత్తు. రాజుగారి పక్షం నాయకులట. వేలాడే బుగ్గలు, నిద్రకళ్లు. "ఈయన అచ్చం మన అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటే" అంది మా ఆవిడ. సెక్యూరిటీ అతను చూసేంత గట్టిగా నవ్వాను.

నాకు నిరాశ ఒక్కటే. దోమియే పేరు నిలబెట్టిన పత్రికల బొమ్మలు గోడల మీద కనబడలేదు. వెలుతురుకు కాగితం పాడవుతుంది కదా. వాటికోసం ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైటే నయం, ఉచితం, ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

బస ప్లాస్ దితాలీ దగ్గర. రూము శుభ్రమే కానీ కెటిల్ లేదు, లిఫ్టులో మనిషో సూట్‌కేసో ఏదో ఒకటే పడుతుంది. అయినా మళ్లీ అక్కడే దిగుతాను, ఆరో నంబరు మెట్రో కోసం. పాసీ వైపు వెళ్తూ కుడివైపు కూర్చుంటే సేన్ నది దాటేటప్పుడు ఐఫిల్ టవర్ కళ్లెదుటే. పాసీలో దిగితే నవలాకారుడు బాల్జాక్ ఇల్లు నడిచే దూరం. శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు. అప్పులవాళ్లు ముందు తలుపు కొడితే ఆయన వెనక సందులోంచి జారుకునేవాడట.

రెండో రోజు సాయంత్రం సేన్ నది మధ్యనున్న సెయింట్ లూయీ దీవిలో, దాంజూ గట్టు మీద 9వ నంబరు ఇల్లు. 1846 నుంచి చాలా ఏళ్లు దోమియే ఉన్నదక్కడే. లోపలికి వెళ్లే వీల్లేదు, గోడ మీద ఫలకం చూడటమే. ముందురోజు ఓర్సేలో చూసిన చాకలి ఆమె, పిల్లను చేత్తో పట్టుకుని నది మెట్లెక్కుతున్న బొమ్మ, ఇక్కడ గుర్తొచ్చింది. కింద నీళ్ల పక్కన కాసేపు కూర్చున్నాం. చినుకులు పడ్డాయి. మా దగ్గర గొడుగు ఉంది, ఒక్కటే.