కాగితం మీద ఎంబ్రాయిడరీ: రెండేళ్లు కుట్టాక నా అభిప్రాయం

మాది నల్లగొండ. జాకెట్లకు మగ్గం వర్క్ చేసేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు కానీ, కాగితం మీద కుట్టేవాళ్లు ఎవరూ తగల్లేదు. అందుకే ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించుకుని మొదలుపెట్టాను. రెండేళ్లు దాటింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి పుట్టినరోజుకైనా కుట్టిన కార్డే ఇస్తాం.

ఆ కిట్‌లో దారాలు బాగున్నాయి, రంగు వెలవలేదు. అట్టలే మరీ పల్చన. రెండో వరసకే రంధ్రాల మధ్య చిరిగిపోయాయి. తర్వాత నుంచి క్లాక్ టవర్ సెంటర్ వైపు ప్రెస్‌లో, శుభలేఖలకు వాడే 250, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువని లెక్క) అట్ట ముక్కలు అడిగి తెచ్చుకుంటున్నాను. నా మటుకు ఈ పనిలో సగం మార్కులు అట్టకే.

మిగతా సగం రంధ్రాలకు. బట్టయితే సూది వేరే చోట దిగినా దారం లాగేస్తే సర్దుకుంటుంది. కాగితానికి పడిన రంధ్రం పడినట్టే ఉంటుంది. అందుకే డిజైన్ మొత్తం ముందే పొడిచి, ఆ తర్వాతే దారం ఎక్కించాలి. అట్ట కింద స్పాంజి షీట్, పైన డిజైన్ గీసిన పల్చటి కాగితం, కదలకుండా క్లిప్పులు. సూదిని నిటారుగా దించాలి, వాలితే వెనకవైపు రంధ్రం పక్కకు జరుగుతుంది. దబ్బనం అస్సలు వద్దు, పెద్ద బొక్క పడి దారం వదులవుతుంది. కుట్టే సూది కన్నా పిసరంత సన్నటిదైతే దారం బిగిసి కూర్చుంటుంది. వంపుల దగ్గర 3 మిల్లీమీటర్లు, తిన్నటి గీతల మీద 5 మిల్లీమీటర్ల ఎడం నాకు కుదిరింది. పొడవడం అయ్యాక అట్టను కిటికీ వెలుతురుకు పట్టుకుంటే చుక్కలన్నీ మెరుస్తాయి, ఎక్కడ తప్పిపోయిందో ఇట్టే దొరుకుతుంది. నాకైతే కుట్టడం కన్నా ఆ పనే ఇష్టం.

ఆరు పోగుల యాంకర్ కంపెనీ దారంలో రెండు పోగులు చాలు. ముడి వేస్తే ముందువైపు ఉబ్బు తేలుతుంది కాబట్టి కొసలను వెనక టేపుతో అంటిస్తాను. మన ఎండలకు మామూలు సెల్లో టేపు జిగురు కారి మరక పడుతుంది, పేపర్ టేపే మేలు. జరీ దారం మూరకు మించి తీసుకుంటే పీచు లేస్తుంది.

నేర్చుకునేవాళ్లు లతలు, పూలతో కాకుండా గీతలతో మొదలుపెడితే మంచిది. ఎల్ ఆకారంలో రెండు గీతలు గీసి, ఒక్కోదాని మీద పది చుక్కలు పొడవండి. నిలువు గీత పై చుక్క నుంచి అడ్డగీతలో మూల పక్క చుక్కకు, దాని కింది చుక్క నుంచి ఆ తర్వాతి చుక్కకు, ఇలా కుట్టుకుంటూ పోవాలి. అన్నీ తిన్నటి దారాలే, అయినా వంపు తేలుతుంది. పిల్లలకు జామెట్రీ చేత్తో తెలియాలని ఇంగ్లండ్‌లో లెక్కలు నేర్పిన మేరీ ఎవరెస్ట్ బూల్ తెచ్చిన పద్ధతి ఇది. ఎవరెస్ట్ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ ఆమెకు పెదనాన్న. మా అమ్మాయికి పరావలయం (పారాబోలా) అనే వంపు అంటే ఏమిటో దీని మీదే తెలిసింది.

ఇప్పుడు కార్డుల మీద పోచంపల్లి చీరల అంచుల డిజైన్లు కుడుతున్నాను. అక్కడ డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా వేసుకుంటారు కదా, ఆ మెట్ల అంచు తిన్నటి కుట్లకు సరిగ్గా సరిపోతుంది. కానీ పోగులకు ముందే రంగులద్ది నేసే ఆ ఇక్కత్ నేత అందమంతా రంగు అంచు కాస్త చెదిరినట్టు ఉండటంలోనే ఉంది. అది కుట్టుకు పూర్తిగా రాదు. ముదురు పోగొకటి, లేత పోగొకటి కలిపి సూదికెక్కిస్తే కొంత దగ్గరికొస్తుంది.

కొత్తవాళ్లు కిట్ కొనొచ్చు, దారాలూ డిజైన్లూ ఒకేచోట దొరుకుతాయి. అట్ట జీఎస్ఎం ఎంతో రాయని కిట్ మాత్రం తీసుకోకండి.