సీక్యాష్: ఎల్‌ఎల్‌వీఎమ్ రోజువారీ బిల్డ్‌కి పనికొస్తుందా?

ఒకసారి కంపైల్ చేసిన ఫలితాన్ని దాచి మళ్లీ వాడే టూల్ సీక్యాష్. ఎల్‌ఎల్‌వీఎమ్ (కంపైలర్లు తయారుచేసే టూల్‌కిట్), దాని సీ/సీ++ కంపైలర్ క్లాంగ్‌లను సోర్స్ నుంచి రోజూ బిల్డ్ చేసే స్క్రిప్ట్‌కి సీక్యాష్ తగిలించడం చాలా తేలిక. బిల్డ్‌ని సెటప్ చేసే సీమేక్‌లో దానికంటూ ఉన్న ఆప్షన్ ఆన్ చేస్తే చాలు, మిగతాది బిల్డ్ నడిపే నింజా చూసుకుంటుంది. మొదటి బిల్డ్ వేగం పెరగదు సరికదా, క్యాష్ నింపే పనితో కాస్త ఆలస్యమే. రెండోసారి నుంచి లాభం: బిల్డ్ ఫోల్డర్ మొత్తం చెరిపేసినా, మారని ఫైళ్ల ఆబ్జెక్టులు (కంపైల్ అయిన ఫైళ్లు) క్యాష్‌లోంచి వచ్చేస్తాయి.

చిక్కంతా డిఫాల్ట్ సెట్టింగులతోనే. క్యాష్ గరిష్ఠ సైజు 5 జీబీ. డీబగ్ బిల్డ్‌కి అది ఏ మూలకూ చాలదు. కొత్తవి చేరుతుంటే పాతవి పోతాయి, హిట్లు (క్యాష్‌లో దొరికేవి) పడిపోతాయి. 25 జీబీకి పెంచండి.

డీబగ్ సమాచారంతో కంపైల్ చేస్తే ఫోల్డర్ దారి కూడా హ్యాష్‌లో (క్యాష్‌లో వెతకడానికి వాడే గుర్తులో) కలుస్తుంది. స్క్రిప్ట్ రోజుకో తేదీ పేరుతో ఫోల్డర్ తెరిచిందా, అన్నీ మిస్సులే! బేస్ డైరెక్టరీ (దాని కింది పూర్తి దారులను సాపేక్ష దారులుగా మార్చే సెట్టింగ్) ఒక్కటి సెట్ చేసి ఊరుకుంటే కుదరదు, డైరెక్టరీని హ్యాష్ చేయడం కూడా ఆపాలి. అంతకన్నా ఫోల్డర్ పేరు మార్చకుండా ఉంచడమే సులువు. కంపైలర్‌ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసి టైమ్‌స్టాంప్ మారినా క్యాష్ వృథా. కంపైలర్ మారిందా అని చూసే కంపైలర్ చెక్ సెట్టింగ్‌ని కంటెంట్‌కి మార్చితే ఆ బెడద ఉండదు.

ఆబ్జెక్టులను కలిపి ప్రోగ్రామ్ చేసే లింకింగ్‌కి మాత్రం సీక్యాష్ ఏమీ చేయదు. 16 జీబీ మెషీన్‌లో లింకర్ సిగ్నల్ 9తో (సిస్టమ్ బలవంతంగా ఆపేసి) చచ్చిందంటే దాదాపు ఎప్పుడూ తప్పు కోడ్‌ది కాదు, మెమరీ చాలలేదు. పేరలల్ లింక్ జాబ్స్‌ని (ఒకేసారి నడిచే లింకింగ్ పనులని) 1కి దించి, లింకర్‌గా ఎల్‌ఎల్‌వీఎమ్‌దే అయిన ఎల్‌ఎల్‌డీ వాడండి.