ఒకే డయల్ కెమెరాలో ఎం మోడ్: చెన్నైలో ఆరేళ్ల వాడకం తర్వాత

ముందే తీర్పు చెప్పేస్తాను. ఎం మోడ్, అంటే షట్టర్, అపర్చర్ మనమే పెట్టుకునే మాన్యువల్ పద్ధతి, నేర్చుకోవడానికి ఈ కెమెరా బాగా పనికొస్తుంది. ఎం మోడ్‌లో పెళ్లి తీయాలంటే మాత్రం విసుగెత్తిస్తుంది. బాడీ 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్ (లెన్స్ మార్చుకునే, లోపల అద్దం ఉన్న కెమెరా). అంకెలు మార్చే డయల్ ఒక్కటే. షట్టర్ (వెలుగు లోపలికి పడే సమయం) 30 సెకన్ల నుంచి సెకనులో 1/4000 వంతు దాకా, ఫ్లాష్‌తో 1/200 వరకే. పెట్టెలో వచ్చే కిట్ లెన్స్ 18-55 ఎంఎం, ఎఫ్/3.5-5.6. ఎఫ్ అంకె అపర్చర్‌ది, అంటే లెన్స్ రంధ్రానిది; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. బ్రాండ్ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరగతి బాడీలన్నిటిలోనూ ఎం మోడ్ చిక్కులు దాదాపు ఒకటే.

"మాన్యువల్ పని చేయడం లేదు" అని సర్వీస్ సెంటర్ మెట్లెక్కే కెమెరాల్లో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. మెనూలో ఎక్కడో ఒక సాయం ఆన్‌లో ఉంటుంది, మీరు తిప్పినదాన్ని అది వెనక్కి తిప్పేస్తూ ఉంటుంది. అందుకే ముందు ఆ సాయాల సంగతి, తర్వాతే నిజమైన రిపేర్లు.

మొదటి ముద్దాయి ఆటో ఐఎస్ఓ, అంటే వెలుగుకు సెన్సర్ స్పందనను కెమెరాయే పెంచి తగ్గించడం. లక్షణం ఇలా ఉంటుంది: 1/125 నుంచి 1/500కి తిప్పారు, రెండు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుగు సగం) వెలుగు తగ్గాలి, ఫొటో మాత్రం అంతే వెలుగుతో వచ్చింది. డయల్ పాడైందనుకుంటారు. ప్లేబ్యాక్‌లో ఆ రెండు ఫొటోల వివరాలు తెరిచి చూడండి, ఐఎస్ఓ 400 ఉన్నది 1600 అయి ఉంటుంది. మీరు తగ్గించిన రెండు స్టాప్‌లనీ కెమెరా ఐఎస్ఓలో పెంచేసింది. ఎం అని రాసుందని అన్నీ మన చేతిలోనే ఉన్నాయనుకోకూడదు. ఐఎస్ఓను ఒక అంకెకు కట్టేశాకే అది అసలు మాన్యువల్. అలాగని ఆటో ఐఎస్ఓను తిట్టడం లేదు. దాన్ని కావాలని వాడే చోటు ఒకటుంది, కింద చెబుతాను.

రెండోది జేపెగ్‌లో (కెమెరాయే తయారుచేసి ఇచ్చే ఫొటో ఫైలు) నీడలను ఎత్తే సౌకర్యం. నికాన్‌లో యాక్టివ్ డీ-లైటింగ్, కెనాన్‌లో ఆటో లైటింగ్ ఆప్టిమైజర్ అంటారు. కావాలని ఒక స్టాప్ తగ్గించి తీస్తే, ఇది చీకటి భాగాలను పైకి లాగి మీ పనిని సగం చెరిపేస్తుంది. నేర్చుకునే రోజుల్లో దీన్ని ఆఫ్ చేసి ఉంచడమే మేలు. రా ఫైలు (సెన్సర్ ఇచ్చిన ముడి సమాచారం) తీసేవాళ్లకూ ఇది చుట్టం కాదు, ఎందుకంటే స్క్రీన్ మీద కనిపించే బొమ్మ, హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) రెండూ ఆ జేపెగ్ నుంచే వస్తాయి.

మూడోది మర్చిపోయిన స్పాట్ మీటరింగ్, అంటే కెమెరా మీటర్ ఫ్రేమ్‌లో ఒక చిన్న చుక్క వెలుగునే కొలవడం. నిన్న చంద్రుణ్ణి తీయడానికి స్పాట్‌లో పెట్టి ఉంటారు. ఈ రోజు ఫ్రేమ్ కొద్దిగా జరిపితే చాలు, మీటర్ ముల్లు ఆ చివరి నుంచి ఈ చివరికి గెంతుతుంది. మీటర్ పిచ్చిగా ఊగుతోందంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇక ఒకే డయల్ సంగతి. మామూలుగా తిప్పితే షట్టర్ మారుతుంది. అపర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకుని అదే డయల్ తిప్పాలి. నికాన్ చిన్న బాడీల్లో అది షట్టర్ బటన్ దగ్గరి +/− గుర్తు బటన్, కెనాన్ చిన్న బాడీల్లో వెనకున్న ఏవీ +/− బటన్. చెమట పట్టిన వేలితో బటన్ పూర్తిగా దిగకపోతే అపర్చర్‌కు బదులు షట్టర్ కదులుతుంది. ఎఫ్/8 చేశాననుకుంటారు, నిజానికి 1/125 కాస్తా 1/50 అయి ఉంటుంది. ఇంటికొచ్చాక ఫొటో కదిలిందని లెన్స్‌ను అనుమానిస్తారు. నొక్కే ముందు వ్యూఫైండర్ అడుగు వరసలో రెండు అంకెలూ చదవడం ఒక్కటే దీనికి విరుగుడు. ఆరేళ్లైనా నా వేలు ఇప్పటికీ అప్పుడప్పుడు జారుతుంది. రెండు డయళ్ల బాడీలో ఈ తప్పు పుట్టనే పుట్టదు.

కిట్ లెన్స్ చేసే మోసం ఇంకొకటి. 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5 పెట్టి, జూమ్ 55కి లాగితే అపర్చర్ తనంతట తానే ఎఫ్/5.6 అవుతుంది. ఒకటిం మూడోవంతు స్టాప్ పోయినట్టే. అన్నీ కట్టేసిన ఎం మోడ్‌లో దీన్ని సరిదిద్దేవాళ్లెవరూ ఉండరు కాబట్టి వెడల్పు ఫొటోలు బాగా వచ్చి, దగ్గరివి నల్లగా వస్తాయి. మొదటినుంచీ ఎఫ్/5.6 పెట్టుకుంటే జూమ్ ఎక్కడున్నా వెలుగు ఒకటే.

మీటర్‌ను సున్నా మీదికి తేవడమే మాన్యువల్ అనుకునేవాళ్లకు తెలుగు పెళ్లి మంచి పరీక్ష. మీటర్‌కు అది తెల్ల బట్టో నల్ల రాయో తెలియదు, చూసినదాన్నల్లా మధ్యస్థ బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. మధుపర్కాలు కట్టుకున్న జంట ఫ్రేమ్ నిండా ఉంటే ఆ తెలుపును బూడిద చేస్తుంది, ముఖాలు కమిలినట్టు కనిపిస్తాయి. అక్కడ ముల్లు +1 దగ్గర ఉండాలి, బట్ట మరీ తెల్లగా ఉంటే +1⅓. నల్లరాతి విగ్రహానికి ఇదే తిరగేసి −1 నుంచి −1⅔. చెన్నైలో డిసెంబరు, జనవరిల్లో జరిగే మార్గళి కచేరీల్లో, నాట్యాల్లో వెనక నల్ల తెర ఉంటుంది. ఫ్రేమంతా కొలిచే మీటరింగ్ ఆ తెరను చూసి వెలుగు పెంచేస్తుంది, నర్తకి ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. అనుమతి ఉన్నచోట స్పాట్‌లో ముఖాన్ని కొలిచి, ఐఎస్ఓ 3200, 1/250 దగ్గర మొదలుపెట్టి, అపర్చర్ చూసుకుని, ఆ తర్వాత మీటర్ వైపు చూడకుండా తీసుకుంటూ పోవడమే. స్టేజీ లైటు మారనంతసేపూ ఆ అంకెలు మారవు. ఎం మోడ్ తన ఖరీదు రాబట్టుకునేది ఇలాంటి చోటే. కిట్ లెన్స్‌తో మాత్రం ఈ పనికి దిగొద్దు, 50 ఎంఎం ఎఫ్/1.8 కావాలి.

పైన చెబుతానన్న ఆటో ఐఎస్ఓ చోటు కల్యాణ మండపం. వీడియో వాళ్ల లైటు ఒకసారి పెళ్లికూతురి మీద, మరుక్షణం పురోహితుడి మీద. రెండు మూడు స్టాప్‌ల తేడా. జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో డయల్ తిప్పుకుంటూ కూర్చోలేం. 1/160, ఎఫ్/4 కట్టేసి, ఐఎస్ఓను గరిష్ఠం 6400 హద్దుతో ఆటోకు వదిలేయాలి. ఈ బాడీలో 6400 దాటితే ముఖాల మీద రంగు మచ్చలు మొదలవుతాయి, హద్దు అందుకే.

అవే మండపాల్లో ఇంకో తలనొప్పి, ఫొటోలో అడ్డ చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతాయి. 1/500లో వరసగా పది తీస్తే ఒకటి పచ్చగా, ఒకటి నల్లగా, ఒకటి చారలతో వస్తుంది. ఎక్స్‌పోజర్ తప్పిందని అపర్చర్ మారుస్తూ పోతే తెల్లారినా తేలదు. షట్టర్‌ను 1/100 లేదా 1/50కి దించండి, చాలావరకు సర్దుకుంటుంది. వేదిక వెనకుండే ఎల్ఈడీ గోడ మాత్రం ఈ లెక్కకు లొంగకపోవచ్చు, దానికి తన వేగం వేరు.

ఫ్లాష్ గురించి రెండు ముక్కలు. కెమెరా ఫ్లాష్ లేపితే షట్టర్ 1/200 దాటదు, అది చెడిపోవడం కాదు. ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే చవక ట్రిగ్గర్‌తో బయటి ఫ్లాష్ పెడితే కెమెరాకు ఆ సంగతి తెలియదు, 1/500కి వెళ్లనిస్తుంది, ఫొటోలో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది.

ఇంతవరకు దేనికీ రిపేరు అక్కర్లేదు. ఇక నిజంగా చెడిపోయేవి.

సముద్రం పక్కన వాడే కెమెరాకు ముందుగా జబ్బు చేసేది డయలే. కాశిమేడు హార్బర్‌లో, మెరీనా ఇసుకలో వాడేవాళ్లకు ఇది తెలిసిందే. 1/125 నుంచి ఒక్కో మెట్టూ తిప్పితే 1/160, మళ్లీ 1/125, ఆ వెంటనే 1/250 అని అంకె ముందుకూ వెనక్కూ గెంతుతుంది. డయల్ కింద తిరిగే చిన్న మెటల్ కాంటాక్టుల మీద ఉప్పు తేమ పొర కట్టడమే కారణం. బ్యాటరీ తీసేసి, డయల్‌ను రెండు వైపులా యాభై అరవై సార్లు గట్టిగా తిప్పండి. కొన్ని నెలలు మళ్లీ దారిలో పడుతుంది. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను నేరుగా డయల్ సందులోకి కొట్టొద్దు, లోపలికి కారి వేరే భాగాలకు అంటుకుంటుంది. తిప్పినా తగ్గకపోతే ఆ భాగం మార్పించడమే.

రెండోది లెన్స్ లోపల అపర్చర్‌ను మూసి తెరిచే రేకులు అతుక్కోవడం. ఇది మీటర్‌కు దొరకని దొంగ. డీఎస్ఎల్ఆర్ అపర్చర్‌ను పూర్తిగా తెరిచి ఉంచే వెలుగు కొలుస్తుంది, మీరు పెట్టిన ఎఫ్ అంకెకు రేకులు మూసుకునేది క్లిక్ క్షణంలోనే. నూనె ఎక్కి రేకులు మందగిస్తే మీటర్ సున్నా అంటుంది, ఫొటో తెల్లబడుతుంది. పరీక్ష పదినిమిషాల పని. డాబా మీద నీడలో ఉన్న సిమెంటు పిట్టగోడ ముందు ట్రైపాడ్, లెన్స్ 35 ఎంఎం దగ్గర, ఫోకస్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ ఎండ గుర్తు మీద, ఐఎస్ఓ 800. నాలుగు ఫొటోలు: ఎఫ్/5.6 1/1000, ఎఫ్/8 1/500, ఎఫ్/11 1/250, ఎఫ్/16 1/125. నాలుగింటిలోనూ పడే వెలుగు ఒకటే, కాబట్టి హిస్టోగ్రామ్ గుట్ట ఒకే చోట ఉండాలి. ఎఫ్/11, ఎఫ్/16 దగ్గర గుట్ట కుడివైపు జరుగుతూ పోతే రేకులు మూసుకోవడం లేదని అర్థం. మొదటి క్లిక్ తెల్లగా వచ్చి, వెంటనే తీసిన రెండోది సరిగ్గా ఉంటే రోగం మొదటి దశలో ఉంది. మూలలు చూసి మోసపోకండి, లెన్స్ తెరిచి ఉన్నప్పుడు అవి ఎలాగూ కాస్త నల్లగానే ఉంటాయి, మధ్య భాగాన్నే పోల్చండి. ఈ పరీక్ష ఫొటోలు చూపిస్తే సర్వీస్ వాళ్లు "బాడీ మొత్తం చెక్ చేయాలి" అనే మాట ఎత్తరు.

షట్టర్ తెరలు అరిగితే లక్షణం వేరు. 1/250లో బాగున్న ఫొటో 1/2000, 1/4000లో ఒక అంచు వైపు నల్లబడుతుంది, ఎందుకంటే ఆ వేగాల్లో రెండు తెరల మధ్య సన్నని సందు మాత్రమే ఫ్రేమ్ మీదుగా పరుగెడుతుంది, ఒక తెర వెనకబడినా ఆ సందు మూసుకుపోతుంది. పగటి ఆకాశాన్ని ఫోకస్ తప్పించి తీసి చూడండి. ట్యూబ్‌లైటు కింద ఈ పరీక్ష చేస్తే పైన చెప్పిన చారలను చూసి షట్టర్ పోయిందనుకుంటారు.

లెన్స్ కాంటాక్టులు మురికి పడితే అపర్చర్ అంకె స్థానంలో గీతలో, సున్నాలో, ఎర్రర్ సందేశమో కనిపిస్తుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చెప్పేవాళ్లుంటారు, ఆ పొట్టు లోపల పడితే సెన్సర్ మీదికి చేరుతుంది.

చెన్నైలాంటి తేమ ఊళ్లలో తగిలే చిక్కు ఒకటి మిగిలింది. ఏసీ గదిలోంచి మే నెల గాలిలోకి తెచ్చిన లెన్స్ మీద ఆవిరి పడుతుంది. అద్దం మీద పలుచగా ఉంటే కంటికి ఆనదు. ఫొటో పాలిపోతుంది, హిస్టోగ్రామ్ మధ్యలో గుంపు కడుతుంది, ఎక్స్‌పోజర్ ఎక్కువైందనుకుని షట్టర్ పెంచుతారు. పెంచితే పాలిపోయిన నలుపు వస్తుంది, అంతే. జిప్పు మూసిన సంచిలోనే అరగంట బయట ఉంచి తర్వాత తీయండి. ఇంట్లో తేమ 40-50 శాతం మధ్య ఉండే డబ్బాలో పెట్టకపోతే, రెండు ఈశాన్య రుతుపవనాలు దాటేలోపు లెన్స్‌లో బూజు దారాలు కనిపిస్తాయి.

మీటర్ మీదే అనుమానం వస్తే మబ్బులేని మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/400 పెట్టి ఏదైనా మామూలు వీధిని తీయండి. ఫొటో సరిగ్గా వస్తే షట్టర్, అపర్చర్ రెండూ బాగున్నట్టే. అదే దృశ్యానికి మీటర్ ఒక స్టాప్ కంటే ఎక్కువ తేడా చూపిస్తే, మీటరింగ్ మోడ్, మర్చిపోయిన ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కకు మనం కలిపే ప్లస్, మైనస్) చూడండి. కొన్ని బాడీల్లో కాంపెన్సేషన్ ఎం మోడ్‌లో ఫొటోను మార్చదు గానీ ముల్లు సున్నాను జరిపేస్తుంది, కెమెరా ఆపి వేసినా అలాగే ఉంటుంది. స్క్రీన్ వెలుగును చూసి మాత్రం నిర్ణయానికి రావద్దు. బీచ్ ఎండలో అది చీకటి, రాత్రి మండపం బయట అది దీపం. హిస్టోగ్రామ్‌నూ, తెల్లబడ్డ చోట్ల మిణుకుమనే హెచ్చరికనూ ఆన్ చేసి పెట్టుకోండి. ఈ బాడీలో ఆ రెండూ ప్లేబ్యాక్ మెనూలో డిస్‌ప్లే ఆప్షన్ల కింద ఉంటాయి, కొత్తగా కొన్నప్పుడు టిక్కులు ఉండవు.