జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) స్కిల్ ల్యాబ్: చేరబోయే చెల్లెళ్ల కోసం

మా నర్సింగ్ స్కూల్లో నాకు బాగా నచ్చింది ఫౌండేషన్స్ ల్యాబ్, అంటే నర్సింగ్ మొదటి పనులు చేయించి నేర్పే గది. బీపీ చూడటం నేర్పిన తీరైతే చెప్పి తీరాలి. మేడమ్ మొదట స్టెత్ (స్టెతస్కోప్) ముట్టుకోనివ్వలేదు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని జబ్బకు చుట్టిన కఫ్ పట్టీలోకి గాలి కొట్టమన్నారు. నాడి అందకుండా పోయిన అంకె గుర్తుపెట్టుకుని గాలంతా తీసేయాలి. రెండోసారి ఆ అంకెకు 30 పైదాకా కొట్టి, మోచేతి మడతలో స్టెత్ పెట్టి, సెకనుకు 2, 3 పాయింట్ల చొప్పున మెల్లగా వదలాలి. గబగబా వదిలితే రీడింగే తప్పుతుంది, ఆ తప్పు అంకె చూసే డాక్టర్ గారు మందు రాస్తారు! చేతులు కడగడంలోనూ అంతే పట్టు: సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు, బొటనవేళ్లు వదలకుండా. హాస్టల్ భోజనం పర్వాలేదు. బాధల్లా ఇంజెక్షన్ వేయడం నేర్చుకునే బొమ్మతోనే. బ్యాచ్ మొత్తానికి ఒక్కటే, అదీ తొడ దగ్గర చిరిగిపోయింది. ఫీజు కట్టేముందు ల్యాబ్ తీయించి, బొమ్మలెన్నో చూసుకోండి.