గాజు నింపిన కెంపు ఉంగరం: నాలుగేళ్ల వాడకం తర్వాత

కొన్న కొత్తలో దీని రంగు గురించి అందరికీ గొప్పగా చెప్పాను. రంగు ఇప్పటికీ బాగానే ఉంది, రాయి మధ్యలో. అంచుల్లో మాత్రం తెల్లటి సన్న గీతలు లేచాయి.

కారణం నిమ్మకాయ. గూడూరు కాయలు వంద కోసి ఊరగాయకు ఉప్పు కలిపేటప్పుడు ఉంగరం వేలికే ఉంది. రసం రాయి కిందికి దిగి రాత్రంతా అక్కడే నిలిచింది. మురికనుకుని కుంకుడు రసంతో, మెత్తటి బ్రష్షుతో రుద్దినా గీతలు పోలేదు. గోరుకు తగులుతున్నాయి. కొబ్బరినూనె రాస్తే కనబడవు, నాలుగుసార్లు సబ్బుతో చేతులు కడిగితే మళ్లీ తేలతాయి. పగుళ్ల నోట్లో ఉన్న గాజు పోయి గాడి పడిందన్నమాట.

2004 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చిన రకం ఇది. పగుళ్లతో పనికిరాని కెంపులో సీసం కలిపిన గాజు కరిగించి నింపుతారు. ఆ గాజులోనూ కెంపులోనూ వెలుతురు దాదాపు ఒకేలా వంగుతుంది కాబట్టి పగులు కంటికి ఆనదు. నిమ్మరసం కెంపును ఏమీ చేయలేదు, సీసం గాజును మాత్రం తినేస్తుంది. చింతపండుతో నగలు తోమే అలవాటుంటే ఇది అసలు పనికిరాదు.

ఉత్తినే కాల్చిన కెంపు సంగతి వేరు. వేడికి నీలి ఛాయ తగ్గి ఎరుపు తేలుతుంది, ఆ రంగు వాడకంలో వెలిసిపోదు. ఈ రెండింటికీ బిల్లు మీద "ట్రీటెడ్" అని ఒకే మాట రాస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా బిల్లులో ఉన్నది ఆ ఒక్క మాటే. ల్యాబ్ రిపోర్టు అడిగి, అందులో గాజు నింపారా లేదా అన్న లైను చదివాకే డబ్బు కట్టాలి. పదింతలు పెద్దగా చూపే లూపుతో (నగలవాళ్ల భూతద్దం) టార్చి వెలుగులో రాయిని అటూ ఇటూ వంచి చూస్తే, పగులు వెంబడి నీలం మెరుపు, లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తాయి.

సైజు మార్చాలంటే రాయి తీయకుండా మంట పెట్టనని ఆచారిగారు ఖరాఖండిగా చెప్పారు. ఆయన మాట నిజం. టంకం వేడికి ఆ గాజు కరిగి బయటికొస్తుంది, తర్వాత నగను శుభ్రానికి ముంచే తేజాబు (యాసిడ్) మిగిలింది తింటుంది.

పండగకు పెట్టుకుని తీసేసే జూకాల్లో, అదీ గాజు ధరకే వస్తే, వద్దనను. మా ఇంట్లో ఊరగాయ కలిపేది నేను కాబట్టి వేలికి మాత్రం చిన్నదైనా కాల్చిన కెంపే తీసుకుంటాను.