చెన్నై నీళ్లకు ఏ రాడ్, ఏ రీల్, ఏ దారం: పండుగప్పకూ కొర్రమీనుకూ పనికొచ్చే గాలం సామాను

చెన్నైలో గాలం సామాను అమ్మే దుకాణానికి వెళ్తే కౌంటర్ మీదకి ముందు వచ్చేది రీల్. మెరిసే రంగు, మెత్తగా తిరిగే హ్యాండిల్, బేరింగులెన్నో చెప్పే స్టిక్కర్. దానికి జతగా ఒక రాడ్, చివర్లో మిగిలిన డబ్బుకు వచ్చినంత దారం. ఇది తలకిందుల బేరం. ముందు తేల్చుకోవాల్సినవి రెండే: ఎంత బరువున్న ఎర విసరబోతున్నారు, పడిన చేపను ఎందులోంచి బయటికి లాగాలి? తామరాకుల్లోంచా, వంతెన స్తంభాల మధ్య నుంచా, ఖాళీ ఇసుక అడుగు నుంచా? దాన్ని బట్టి దారం, దారాన్ని బట్టి రాడ్. ఆ రెంటినీ మోయగల రీల్ ఆఖర్న చూసుకోవాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. రాడ్ల మీదా లూర్ల (కృత్రిమ ఎరల) పెట్టెల మీదా కనిపించే ‘బాస్’ అనే మాట అమెరికా మంచినీళ్లలో ఉండే లార్జ్‌మౌత్ బాస్ గురించి. మనకు దొరికేది ఆసియా సీబాస్, అంటే పండుగప్ప. ఇక్కడి జాలర్లు కొడువా అంటారు. ఇక ఫ్రాగ్ (కప్ప ఆకారపు) లూర్ మీద మన చెరువుల్లో ఎగబడేది కొర్రమీను, తమిళంలో విరాల్. అక్కడి పద్ధతులు ఇక్కడా పనిచేస్తాయి గానీ అంకెలు మార్చుకోవాలి. లార్జ్‌మౌత్ నోరు గరుకుగా ఉంటుందే తప్ప దారాన్ని కోయదు. పండుగప్ప మొప్ప మూత అంచు మాత్రం బ్లేడే. అక్కడ జెర్క్‌బైట్‌కు (కుదుపుతూ లాగే లూర్‌కు) 10 పౌండ్లు ఓర్చే ఫ్లోరోకార్బన్ దారం చాలు. అదే దారం చెన్నైకి దక్షిణాన ముత్తుకాడు ఉప్పునీళ్లలో నేరుగా కడితే, చేప పైకెగిరి తల విదిలించిన మొదటిసారే తెగే అవకాశం ఎక్కువ.

కొర్రమీను సంగతి సులువు, అందుకే ముందు అది. గుర్రపుడెక్క, తామరాకులు కప్పేసిన నీళ్లలో ఫ్రాగ్ ఆడించడానికి 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగుల దాకా మీడియం హెవీ రాడ్, ఫాస్ట్ యాక్షన్. పవర్ అంటే రాడ్ ఎంత బరువుకు వంగుతుందో, యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందో. ఫాస్ట్ రాడ్ కొస దగ్గరే వంగి, కింది భాగం కర్రలా నిలబడుతుంది. గట్టి దవడలో డబుల్ హుక్ దిగాలన్నా, దిగిన వెంటనే చేప తలను ఆకుల పైకి తిప్పాలన్నా ఆ కర్రతనమే కావాలి. దారం పీఈ (దారం మందాన్ని చెప్పే అంకె) 3 లేదా 4, అంటే దాదాపు 40–50 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం). లీడర్ (ఎరకు ముందు కట్టే వేరే దారం ముక్క) అక్కర్లేదు, పాలోమార్ ముడితో బ్రెయిడ్‌నే ఫ్రాగ్‌కు కట్టేయండి. లీడర్ ముడి ఆకు తొడిమలకు చిక్కుకుంటుంది, పైగా ఆ చెత్తలో చేప దారాన్ని చూసి భయపడేదేమీ లేదు. నీళ్లు పేలినట్టు చప్పుడు రాగానే రాడ్ ఎత్తితే ఫ్రాగ్ ఒక్కటే ఎగిరొచ్చి మొహం మీద పడుతుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, సడలిన దారాన్ని చుట్టి, బరువు తెలిశాకే కొట్టాలి.

ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే అక్కడ ఫ్రాగ్ వేయకండి. కింద కాపలా ఉన్న తల్లిదండ్రులు ఆకలితో కాదు, కోపంతో కొడతాయి. ఆ జంటను తీసేస్తే పిల్లలు మిగతా చేపల పాలవుతాయి.

ఫ్రాగ్‌కు బెయిట్‌కాస్టర్ రీల్ (విసిరినప్పుడు దారం చుట్టిన స్పూల్ కూడా తిరిగే రకం) మంచిదే. గేర్ నిష్పత్తి (హ్యాండిల్ ఒక తిప్పుకు స్పూల్ తిరిగే చుట్లు) 7:1 గానీ అంతకు పైన గానీ ఉంటే చేప ఆకుల్లోకి దూరే లోపు దారం చుట్టేయొచ్చు. అయితే 7 గ్రాముల లోపు ఎరలకు మామూలు బెయిట్‌కాస్టర్ పనికిరాదు. అంత తేలిక ఎర స్పూల్‌ను తిప్పలేదు. చెన్నైలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి తోస్తుంది. గాలికి ఎదురు విసిరితే ఎర వేగం మధ్యలో తగ్గుతుంది, స్పూల్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ దారాన్ని పిచ్చుక గూడు చేస్తుంది. బటన్ నొక్కినప్పుడు ఎర మెల్లగా దిగి, నేల తాకగానే స్పూల్ ఆగేంత బిగింపు ఉంచండి. ఎదురుగాలికి బ్రేకు రెండు మూడు అంకెలు పెంచండి. కొత్తవాళ్లకు విసిరేటప్పుడు స్పూల్ తిరగని 3000 సైజు స్పిన్నింగ్ రీల్‌తోనే ఫ్రాగ్ హాయిగా సాగుతుంది. బెయిట్‌కాస్టర్ లేదని ఎవరూ చేప పోగొట్టుకోరు.

పండుగప్ప దగ్గరికొస్తే లెక్క మారుతుంది. ముత్తుకాడు, ఎన్నూరు క్రీక్, పులికాట్ ముఖద్వారం, మూడు చోట్లా ఉప్పునీళ్లు, పోటూపాటూ, ఆలుచిప్పలు పట్టిన రాళ్లు, స్తంభాలు. (పులికాట్‌లో పక్షుల అభయారణ్యం కిందికొచ్చే భాగం ఉంది. అక్కడ వేసే ముందు అనుమతి సంగతి కనుక్కోండి.) ఇక్కడ ప్రధాన దారం పీఈ 1.5 లేదా 2. వ్యాసం చూస్తే పీఈ 1.5 సుమారు 0.205 మి.మీ., పీఈ 2 సుమారు 0.235. చవక బ్రెయిడ్ చుట్ట మీద ‘40 పౌండ్లు’ అని ఉండి, వేలితో తాకితే లావుగా, చదునుగా, మైనం పూసినట్టు అనిపిస్తే వదిలేయండి. లావు దారానికి గాలి ఎక్కువ పడుతుంది, నీటి ఒరవడి దాన్ని విల్లులా వంచుతుంది, జిగ్ (బరువైన తల ఉన్న హుక్కు) అడుగుకు చేరనే చేరదు. పౌండ్ల అంకె కన్నా మిల్లీమీటర్ల అంకెను నమ్మండి.

బ్రెయిడ్ చివర 30–40 పౌండ్ల లీడర్ తప్పనిసరి, పొడవు దాదాపు ఒక మీటరు. బ్రెయిడ్ లాగితే తెగదు గానీ ఆలుచిప్ప అంచు తాకితే నూలుపోగులా విడిపోతుంది. రెంటినీ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకోండి: బ్రెయిడ్‌ను బిగువుగా పట్టి, లీడర్ చుట్టూ ఒకసారి అటు, ఒకసారి ఇటుగా 18–20 చుట్లు, ఆ పైన తడిపి గట్టిగా లాగితే బ్రెయిడ్ లీడర్‌లోకి దిగబడి రంగు ముదురుతుంది. రంగు మారకపోతే ముడి కొరకలేదన్నమాట, విప్పి మళ్లీ కట్టండి. చీకట్లోనో పడవలోనో అది కుదరకపోతే డబుల్ యూని ముడి చాలు. కాస్త లావుగా ఉండి గైడ్లకు (రాడ్ మీద దారం దూరే రింగులకు) తగులుతుంది కాబట్టి అప్పుడు లీడర్‌ను 60 సెంటీమీటర్లకు కుదించి, విసిరేటప్పుడు ముడి రాడ్ కొస బయటే ఉండేలా చూసుకోండి.

లీడర్ ఫ్లోరోకార్బనా, నైలానా అన్నది ఎరను బట్టి. ఫ్లోరోకార్బన్ సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.78 గ్రాములు, మునుగుతుంది. రాపిడినీ బాగా ఓర్చుకుంటుంది. జిగ్‌హెడ్‌కూ, మునిగే మినోకూ (చిన్న చేప ఆకారపు లూర్‌కూ) అదే కట్టండి. నీటి మీద అటూ ఇటూ నడిచే టాప్‌వాటర్ లూర్‌కు కడితే మాత్రం దాని ముక్కును కిందికి లాగేస్తుంది, నడక చచ్చిపోతుంది. దానికి నైలానే మేలు.

రాడ్ 7 అడుగులు, మీడియం పవర్, ‘మోడరేట్ ఫాస్ట్’ అని రాసి ఉన్నది. మా సిఫార్సుల్లో దుకాణదారు ఎక్కువగా కాదనేది ఇదే. ఫాస్ట్ రాడ్ చేతిలో చురుగ్గా ఉంటుంది, అమ్మకానికి సులువు. మినో లూర్లకు ఉండేవి చిన్న త్రిశూలపు హుక్కులు. బ్రెయిడ్ దాదాపు సాగదు. పండుగప్ప పైకి లేచి తల విదిలించినప్పుడు ఆ కుదుపును మింగడానికి మిగిలింది రాడ్ వంపు ఒక్కటే. కర్రలాంటి రాడ్ అయితే హుక్కు నోట్లో పెట్టిన రంధ్రం వెడల్పవుతూ పోయి, మూడో గెంతుకు లూర్ తిరిగి మీ దగ్గరికే వస్తుంది. అమెరికాలో క్రాంక్‌బైట్ అనే త్రిశూలపు హుక్కుల లూర్‌కు మెత్తటి మోడరేట్ రాడ్ వాడేదీ ఈ కారణానికే. ఒకే పెద్ద హుక్కుండే జిగ్‌హెడ్ మాత్రమే వేసేవాళ్లకు ఫాస్ట్ రాడ్ సరైనదే. అడుగు తగిలిన తట్టు, చేప తగిలిన తట్టు వేరువేరుగా తెలియాలంటే కొస బిగువుగా ఉండాలి.

రాడ్ మీద 7–28 గ్రాములని ఉంటే ఆ రెండు అంకెలూ హద్దులు. అది సుఖంగా విసిరేది 10–20 మధ్య. ముత్తుకాడు కాలువల్లో 3 అంగుళాల రబ్బరు చేపతో 7–10 గ్రాముల జిగ్‌హెడ్ చాలు. ముఖద్వారం దగ్గర ఒరవడి లాగుతున్నప్పుడు 14 నుంచి 21 కావాలి. జిగ్ వదిలాక అడుగు తాకడం తెలియకుండా దారం పక్కకే పోతుంటే బరువు పెంచండి. పడగానే బురదలో కూరుకుంటే తగ్గించండి.

హుక్కుల మాట చెప్పకుండా ముందుకెళ్లలేం. మంచినీటి చేపల కోసం చేసిన మినోలతో వచ్చే సన్నటి త్రిశూలాలు పండుగప్ప పట్టుకు వంగి తెరుచుకుంటాయి. మూడింతలు, నాలుగింతలు బలమని గుర్తున్నవి, వాటితోపాటు గట్టి స్ప్లిట్ రింగులు (హుక్కును లూర్‌కు తగిలించేవి) వేయండి. బరువు పెరిగితే తేలే లూర్ మునిగిపోవచ్చు, నీటి మధ్యలో ఆగాల్సింది కిందికి జారొచ్చు. అందుకే మార్చగానే బకెట్ నీళ్లలో వేసి చూడండి. మరీ మునిగితే త్రిశూలాలు తీసేసి ఒంటి హుక్కులు పెట్టి, కొస దగ్గరి ఎదురు ముల్లు నొక్కేయండి. పండుగప్ప మొదట మగగా పెరిగి, పెద్దయ్యాక ఆడగా మారే చేప. మీటరు దగ్గరకొచ్చింది దాదాపుగా ఆడదే, గుడ్లు పెట్టేది. దాన్ని వదలాలంటే హుక్కు త్వరగా ఊడాలి, పోరాటం కూడా పొట్టిగా ముగియాలి. సన్నదారంతో అరగంట అలసిపోయిన చేపను నీళ్లలో వదిలినా అది బతకడం అనుమానమే.

ఇప్పుడు రీల్. ఉప్పునీళ్లకు బేరింగుల సంఖ్య కన్నా బాడీ దేనితో చేశారు, డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం వదిలే బ్రేకు) వాషర్లు ఏమిటి అన్నవి ముఖ్యం. షిమానో సియెన్నా 2500 గ్రాఫైట్ కలిసిన బాడీ, తేలిక. కొర్రమీనుకూ చిన్న పండుగప్పకూ ఆ ధరకు మంచి రీల్. స్తంభాల దగ్గర డ్రాగ్ బిగించి పెద్ద చేపను ఆపాల్సి వస్తే మాత్రం లోహపు బాడీయే నయం. బాడీ ఒత్తిడికి వంగితే గేర్లు పక్కకు జరిగి గరగరమంటాయి. డైవా బీజీ అల్యూమినియం బాడీ. దాని 3000 సైజు నిష్పత్తి 5.6:1, హ్యాండిల్ ఒక తిప్పుకు సుమారు 95 సెంటీమీటర్ల దారం చుడుతుంది. పెన్ బ్యాటిల్ 3 కూడా లోహమే, దాని 4000 సైజు 6.2:1, డ్రాగ్‌లో కార్బన్ ఫైబర్ వాషర్లు. స్పూల్ మీద రబ్బరు పట్టీ ఉంటుంది కాబట్టి బ్రెయిడ్‌ను నేరుగా కట్టొచ్చు. పట్టీ లేని స్పూల్ మీద నైలాన్ అయిదారు చుట్లు వేయకుండా బ్రెయిడ్ కడితే చుట్ట మొత్తం స్పూల్ మీద జారుతుంది. చూసేవాళ్లకు డ్రాగ్ పాడైనట్టు కనిపిస్తుంది. ముత్తుకాడు జిగ్‌కు మా ఓటు బీజీ 3000కు, ముఖద్వారం దగ్గర బ్యాటిల్ 4000కు. రెండూ నీళ్లలో ముంచదగ్గ రీళ్లు కావు. నడుంలోతు నీళ్లలో నిలబడి వేసేవాళ్లు ఐపీఎక్స్5 సీలింగ్ (నీటి ధారను లోపలికి రానివ్వని స్థాయి) ఉన్న పెన్ స్పిన్‌ఫిషర్ 6 లాంటిది చూడాలి, ధర ఎక్కువైనా.

స్పూల్‌ను అంచు దాకా నింపకండి, 2–3 మి.మీ. ఖాళీ వదలండి. నిండా నింపితే చుట్టలు ఒకేసారి జారి గైడ్ దగ్గర గాలిముడి పడుతుంది. విసిరాక బెయిల్‌ను (దారాన్ని స్పూల్ మీదకి మళ్లించే తీగను) హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూసి, దారాన్ని ఒకసారి బిగువుగా లాగండి. సగం గాలిముడులు అక్కడే ఆగిపోతాయి. డ్రాగ్‌ను దారం బలంలో పావు వంతుకు పెట్టండి. 20 పౌండ్ల దారమంటే దాదాపు 9 కిలోలు, కాబట్టి దారాన్ని త్రాసుకు కట్టి లాగితే రెండుంపావు కిలోల దగ్గర స్పూల్ తిరగాలి. చేత్తో లాగి అంచనా వేస్తే అందరూ ఎక్కువే బిగిస్తారు.

బెండుతోనో సీసం గుండుతోనో బతికున్న రొయ్య వేసేవాళ్లకు పైన చెప్పిందేదీ అక్కర్లేదు: 8–9 అడుగుల రాడ్, 4000 రీల్, 0.40 మి.మీ. నైలాన్, జారే గుండు 30 గ్రాములు, కొస లోపలికి తిరిగిన సర్కిల్ హుక్కు. సర్కిల్ హుక్కుకు రాడ్ ఎత్తి కొట్టకూడదు, మెల్లగా చుట్టాలి. అంతే.

అన్నిటికీ ఒక్క సెట్టే కొనగలిగితే 7 అడుగుల మీడియం స్పిన్నింగ్ రాడ్, 3000 రీల్, పీఈ 2. దట్టమైన ఆకుల్లో పెద్ద కొర్రమీనును అది ఆపలేదు, మిగతా అన్నిటికీ సరిపోతుంది. మొత్తం పది వేల రూపాయలనుకుంటే రీల్‌కు నాలుగు, రాడ్‌కు మూడు, దారానికీ లీడర్‌కూ రెండు, హుక్కులకూ ప్లయర్‌కూ వెయ్యి. లోహపు రీల్ కావాలనుకుంటే మొత్తాన్ని పెంచండి, దారం డబ్బు తగ్గించొద్దు.

డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే రాడ్ రెండు ముక్కలూ బిగించి, అడుగు నుంచి కొస దాకా ఒంటికన్నుతో చూడండి. గైడ్లన్నీ ఒకే గీతలో ఉండాలి. ప్రతి గైడ్ రింగులోంచీ కొంచెం దూది లాగండి. పోగు ఒక్కటి చిక్కుకున్నా అక్కడ పగులుంది, ఆ పగులు మొదటి వారంలోనే బ్రెయిడ్‌ను చీలుస్తుంది. మీరు కొనబోయే రీల్‌నే సీటులో బిగించి ఊపండి, కదలకూడదు. ఇంటికొచ్చాక ప్రతి ఉప్పునీటి రోజూ డ్రాగ్ బిగించి, కుళాయి సన్నగా వదిలి పైపైన కడిగి, తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి నీడలో ఆరబెట్టండి. జోరుగా కొట్టే నీళ్లు ఉప్పును లోపలికి తోస్తాయి. లైన్ రోలర్ (బెయిల్ పక్కన దారం ఒరుసుకునే చిన్న చక్రం) బేరింగ్ ముందు పోయేది అలాగే. దానికి నెలకో నూనె చుక్క వేయండి.