ఉద్దానంలో జనం అవసరం తెలియాలంటే: వాట్సాప్ పోల్ మేలా, ఇంటింటి సర్వే మేలా?

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ చేతిలో కొద్దిపాటి నిధి ఉందనుకుందాం. దాన్ని తాగునీటి ప్లాంటుకు పెట్టాలా, వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లే రోగుల కోసం బండి ఏర్పాటు చేయాలా? ఊరి వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే సాయంత్రానికి జవాబు చేతికొస్తుంది, ఖర్చు లేదు. ఇల్లిల్లూ తిరిగి అడగాలంటే వారాలు పడుతుంది, తిరిగే మనుషులకు దారిఖర్చులు, భోజనాలు చూడాలి. అయినా నేను ఇంటింటి సర్వేకే మొగ్గుతాను.

పోల్‌లో నొక్కేది ఎవరో ముందు చూడాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎన్నో ఇళ్ల నుంచి పనుల కోసం హైదరాబాదు, విశాఖ, చెన్నై వెళ్లినవారున్నారు. గ్రూపులో వెంటనే స్పందించేది వాళ్లు, ఊళ్లోని కుర్రవాళ్లు. ఊరి మీద వాళ్లకున్న ప్రేమను శంకించలేం. కానీ బోరు నీళ్లు తాగుతున్నది, రోగిని బస్సెక్కించి తీసుకెళ్తున్నది ఇంట్లో మిగిలిన ఆడవాళ్లు, పెద్దవాళ్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతమే, పురుషులు దాదాపు 49 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. అయితే ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, అది కోడలి చేతికి రావడం వేరు.

ఎక్కువమంది జవాబిస్తే ఈ లోపం పోతుందా? పోదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు ఎవరికి ఓటేస్తారని అడిగిన ఒక పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని నమ్మి అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని ప్రకటించింది. ఆయన ఘనంగా గెలిచాడు. పత్రిక అడిగిన వారిలో ఫోన్లు, కార్లు ఉన్నవారు ఎక్కువ, పైగా వారిలోనూ పట్టుదల ఉన్నవారే జవాబు పంపారు. దానికి భిన్నంగా, ఇళ్ల జాబితా ముందు పెట్టుకుని చీటీలు తీసినట్టు పక్షపాతం లేకుండా 400 ఇళ్లు ఎంచుకుని అడిగితే, ఫలితం సుమారు 5 శాతం అటూ ఇటూగా నిజానికి దగ్గరగా ఉంటుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది గోప్యత. గ్రూపు పోల్‌లో ఎవరు దేనికి ఓటు వేశారో సాధారణంగా అందరికీ కనిపిస్తుంది. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందంటే పిల్లల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని భయపడే చోట, ‘మీ ఇంట్లో రోగి ఉన్నారా?’ అని అలా అడగడం అన్యాయం. గడపలో కూర్చుని, ముందుగా అనుమతి అడిగి, పేర్లను జవాబులతో కలపకుండా విడిగా దాస్తేనే అడిగే హక్కు వస్తుంది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతికి పెద్దపీట వేసింది.

ఇంటింటికీ వెళ్లినంత మాత్రాన సర్వే మంచిదైపోదు. ‘నీళ్ల ప్లాంటు కావాలా?’ అంటే వద్దనేవారెవరు? ‘నిన్న తాగిన నీళ్లు ఎక్కడివి? కొన్నారా, ఎంతకు? పోయిన నెల ఆసుపత్రికి ఎన్నిసార్లు వెళ్లారు, దేని మీద వెళ్లారు?’ అని అడగాలి. జీడితోటల పని ఉన్న రోజుల్లో పగలు వెళ్తే తలుపులకు తాళాలే కనిపిస్తాయి కాబట్టి సాయంత్రం వెళ్లాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా తెలిసినవారు వెంట ఉండాలి. కోబో టూల్‌బాక్స్ లాంటి సాధనంతో సిగ్నల్ లేనిచోట కూడా ఫోన్‌లోనే జవాబులు నింపుకోవచ్చు.

సర్కారు లెక్కలతో సరిపెట్టుకోవచ్చు కదా అనేవారున్నారు. మొదలుపెట్టడానికి అవి కావాలి. కానీ 2011 జనగణన పాతబడింది. పైగా 2022లో జిల్లాల విభజనతో సీతంపేట, పాలకొండ ప్రాంతాలు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. శ్రీకాకుళం జిల్లా పాత అంకెలను అలాగే ఈనాటి జిల్లాకు అంటగట్టకూడదు.

మరి వాట్సాప్, ఫేస్‌బుక్ దేనికి? రక్తదాతలను వెతకడానికి, వైద్య శిబిరం తేదీ చాటడానికి, వచ్చిన విరాళం ఎలా ఖర్చయిందో చూపడానికి వాటిని మించినవి లేవు. సర్వే ఫలితాన్ని చదవలేనివారి కోసం రెండు నిమిషాల వాయిస్ సందేశంగా పంపవచ్చు.

తుపాను వేళ మాత్రం నా లెక్క తిరగబడుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరి, జీడి తోటలను కూల్చేసినప్పటి లాంటి పరిస్థితిలో నమూనాలు ఎంచుకుంటూ కూర్చోలేం. ఏ ఊళ్లో నీళ్లు లేవో, ఏ దారి మూసుకుపోయిందో గ్రూపుల్లో వచ్చే కబురే ముందు ఆధారం. అప్పుడు రెండు జాగ్రత్తలు చాలు: పాత ఫొటోలు తిరుగుతుంటాయి కాబట్టి బండి కదిలేముందు ఆ ఊరివారితో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడాలి. కరెంటు పోయి, టవర్లు పడిపోయి ఏ కబురూ రాని ఊరికి ఎవరినో ఒకరిని ముందుగా పంపాలి.